తొమ్మిదో ఛానెల్

ఆ వానాకాలం నాటికి మా ఇంట్లో సరిగ్గా పనిచేసే చెవులు నావి మాత్రమే. నా భర్త పరుశురాం పద్నాలుగేళ్ల వయసులో సూరత్ వచ్చి పాండేసరలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి కుదిరాడు. ఇరవై రెండేళ్లు మగ్గాల చప్పుడులో నిలబడ్డాక ఆయనకు సన్నని శబ్దాలు అందడం మానేశాయి. కుక్కర్ కూత వినపడదు, ఫోను మోత వినపడదు. మా అత్త బుచ్చవ్వకేమో వయసు మీద పడింది. అందుకే పెళ్లిళ్లకు, బతుకమ్మలకు, భజనలకు అద్దెకిచ్చే సౌండ్ సెట్టు ఆయనదే అయినా మిక్సర్ ముందు కూర్చునేది నేను. ఆయన డబ్బాలు మోసి తీగలు పరుస్తాడు. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కో మైకు గొంతు పెంచుతూ తగ్గిస్తూ ఉంటాను. లింబాయత్‌లోని మా తెలుగు గల్లీల్లో మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత అలవాటు పడ్డారు.

2020 ఉగాది కోసం సంఘం హాల్లో సెట్టు బిగించాం. హాలు మా గదికి ఎదురుగా, గల్లీకి అవతలి పక్క ఉంటుంది. పైన హాలు, వేదిక. కింద ఒక గది. పైన చోటు తక్కువని మిక్సర్, ఆంప్లిఫయర్లు కింది గదిలోనే పెట్టించేవారు. గోడలోంచి పోయే లావు కేబులు వేదిక మీది మైకులను మిక్సర్‌కు కలుపుతుంది. నాకు వేదిక కనపడదు. వినికిడితోనే నడిపేదాన్ని.

ఉగాది ముందురోజు కరోనా అని దేశమంతా బందు ప్రకటించారు. సంఘం కార్యదర్శి రాజనర్సు పై హాలు ముందు తలుపుకు తాళం వేశాడు. మే నెలలో రైళ్లు వదలగానే తాళంచెవి జేబులో ఉండగానే కోరుట్లకు వెళ్లిపోయాడు. మైకులు వేదిక మీద, మిక్సర్ కింది గదిలో అలాగే ఉండిపోయాయి. మా దగ్గర కింది గది తాళంచెవి మాత్రమే ఉంది.

గల్లీలో సగం గదులకు తాళాలు పడ్డాయి. అత్తకు అంత దూరం ప్రయాణం పడదని మేం ఆగాం. సాంచాలు ఆగిపోయాక సూరత్ నేలలో ఎప్పుడూ పాదాలకు తగిలే ఆ అదురు పోయింది. పక్కింట్లో గిన్నె జారినా మా గదిలో పడ్డట్టు ఉలిక్కిపడేదాన్ని. గోడ అవతల ఎవరు దగ్గుతున్నారో, ఎన్నిసార్లు దగ్గారో అన్నీ తెలిసేవి. పరుశురాం మాత్రం హాయిగా నిద్రపోయేవాడు.

జూలైలో లస్మయ్యను తీసుకుపోయారు. ఆయన యాభై ఎనిమిదేళ్ల మనిషి, మా మామగారితో కలిసి సాంచాల మీద పనిచేసినవాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. గల్లీలో ఏ ఫంక్షన్ అయినా మైకు పట్టేది ఆయనే. వచ్చిన ప్రతివారి పేరూ ఊరూ చదివేవాడు. ఆ గొంతులో తమ పేరు వినడానికే కొందరు ఫంక్షన్లకు వచ్చేవారు. జ్వరం, ఆయాసం అని అంబులెన్సులో ఎక్కించారు. పది రోజులకు కోరుట్ల నుంచి రాజనర్సు ఫోన్ చేశాడు.

"లస్మయ్య పోయిండట. ఆసుపత్రి నుంచి నాకే ఫోనొచ్చింది. వాళ్లే దహనం చేసిన్లట. ఎవ్వలు పోయేటట్టు లేదు."

ఎవ్వరం పోలేదు. ఆయన ఫోనుకు చేస్తే స్విచ్ఛాఫ్. గల్లీ పిల్లలు ఆయన ఫొటోకు దండ వేసినట్టు కాగితం అచ్చువేయించి హాలు గోడకు అంటించారు. ఇంటి ఓనరు ఆయన గది ఖాళీ చేయించి సున్నం వేయించాడు.

శ్రావణం చివర్లో గల్లీ పక్కన పారే ఖాడీ కాలువ పొంగింది. ఏటా వానలకు గల్లీలో మోకాలి లోతు నీళ్లు వస్తాయి. ఈసారి ఒక్క పూటలో నడుము దాటాయి. రంగుల మిల్లుల నీళ్లు కలిసి ఊదారంగు తేలింది. మాది మొదటి అంతస్తు. కిటికీలోంచి చూస్తుంటే ఎదుటి కింది గది కిటికీ సగం మునిగింది. పరుశురాం లుంగీ ఎగగట్టి మెట్లు దిగబోయాడు.

"మిక్సర్ ఉన్నదే గాడ! నేలమీదికి ఒక్క మూరెడు ఎత్తుల ఉన్నది!"

అత్త ఆయన చెయ్యి వదల్లేదు. "మునిగేదేందో మునిగింది. నువ్వు గూడ మునుగుతవా కొడుకా?"

కరెంటు పోయింది. రెండో రోజు మధ్యాహ్నం మబ్బు కమ్మి సందెవేళలా ఉంది. పక్క గది కిటికీలోంచి స్వరాజ్యం పిలిచింది. ఇద్దరు పిల్లలతో ఆమె ఒక్కతే ఉంటోంది, భర్త ఊరవతల సచిన్‌లో మిల్లు గదిలోనే చిక్కుకుపోయాడు.

"కరుణా, జర హాలు పై కిటికి దిక్కు జూడు."

చూశాను. ఏమీ లేదు. కిటికీ రెక్క ఒకటి గాలికి కొట్టుకుంటోంది.

"ఏముందక్కా?"

"లస్మయ్య నిలవడ్డడు. తెల్లంగి తొడిగి చెయ్యి ఊపిండు. నా పిల్లల మీద ఒట్టు."

స్వరాజ్యం కిటికీ మూసి గడియ పెట్టుకున్న చప్పుడు వినిపించింది. అత్త లేచి మా కిటికీ చెక్కకు పసుపు రాసింది.

మూడో రోజు అదే వేళకు నేను బియ్యం ఏరుతున్నాను. వాన కాస్త తగ్గింది. నీళ్ల మీదుగా, బొంగురుగా, సగం తెగి వచ్చింది.

"కరుణా..."

ఆ గొంతును గుర్తుపట్టకుండా ఉండడం నావల్ల అయ్యే పని కాదు. ఎన్నో ఏళ్లు, ఎన్నో ఫంక్షన్లలో అది నా హెడ్‌ఫోన్లలో మోగింది. 'క' దగ్గర ఎంత ఊపిరి తీస్తుందో, చివర ఎక్కడ కిందికి దిగుతుందో నాకు తెలుసు. అత్తకూ వినపడ్డట్టుంది. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పలుకకు. మనిషైతె మూడుసార్లు పిలుస్తడు. దయ్యమైతె రెండుసార్లకే ఆగుతది."

"ఓ కరుణా..."

రెండు. నేను లేచి కిటికీ మూశాను. మూడోది కోసం ఆగలేదు.

మంచం మీదున్న పరుశురాం మా ముఖాలు చూశాడు. "ఏమన్న ఇనవడ్డదా?"

"ఏం లేదు. నీళ్ల సప్పుడు" అన్నాను.

ఐదో రోజుకు నీళ్లు తీశాయి. కింది గది తలుపు తెరవడానికి ఇద్దరం భుజాలు పెట్టి తోయాల్సి వచ్చింది. లోపల మోకాలి దాకా బురద. స్పీకర్ల అట్టలు నానిన అప్పడాల్లా వేలాడుతున్నాయి. ఆంప్లిఫయర్లలోంచి చిన్న చిన్న పీతలు బయటికి నడిచాయి. మిక్సర్‌ను పరుశురాం ఒళ్లోకి తీసుకుని పక్కకు వంచాడు. సన్నగా, ఆగకుండా ఊదారంగు నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆయన దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని, నీళ్లు అయిపోయేదాకా కదల్లేదు.

ఉధనాలో ఈ సామాను బాగుచేసే గుజరాతీ ముసలాయన ఉన్నాడు. దుకాణం మూసి ఇంట్లో కూర్చున్నాడు, ఫోనులోనే చెప్పాడు.

"బెహన్, కరెంట్ మత్ దేనా. ఒక్కసారి ఇచ్చావంటే ఖతం. పూరా విప్పి బ్యాటరీలో పోసే నీళ్లతో కడుగు. శానిటైజర్ పొయ్యకు, జిగట మిగులుతుంది. దస్ దిన్ సుఖానా, బాగా ఆరాలి."

పది రోజులూ ఆ గదే నా ఇల్లయింది. మరలు విప్పి, మైకుకు ఒకటి చొప్పున ఉండే ఛానెల్ పలకలను ఒక్కొక్కటే బయటికి తీసి, పాత పళ్ల బ్రష్షుతో బురద తోమాను. గొంతును పెంచి తగ్గించే ఫేడర్ మీటలు ఇసుకతో బిగుసుకుపోయాయి. రాగి ఉన్నచోటల్లా అప్పటికే పచ్చగా చిలుము పట్టింది. కరెంటు వచ్చాక పక్కింటి నుంచి తీగ లాగి, అట్టపెట్టెలో బల్బు వెలిగించి, ఆ వేడికి పలకలు ఆరబెట్టాం. హాలు మెయిన్ స్విచ్ మాత్రం వేయలేదు, గోడలు ఆరలేదని.

పనిలో ఉండగా నా తల మీద, పై హాల్లో ఏదో జరిగిన చప్పుడు వచ్చేది. కుర్చీ కాలు నేలకు రాసినట్టు. ఒకసారి నాలుగు అడుగులు, ఆగి మళ్లీ రెండు. పక్కనే కూర్చున్న పరుశురాం మర తిప్పుతూ ఉండేవాడు. ఎలుకలు అనుకున్నాను. ఎలుకలే అని నాకు నేను చెప్పుకున్నాను. సాయంత్రం కాకముందే ఇంటికి పోదామని తొందర పెట్టేదాన్ని. ఆయనకు మాత్రం చెప్పలేదు. చెబితే, ఆ మూడో రోజు సంగతి కూడా చెప్పాల్సి వచ్చేది.

పదకొండో రోజు మధ్యాహ్నం మిక్సర్‌ను మళ్లీ కూర్చి, పైనుంచి వచ్చే లావు కేబులు తగిలించాం. పరుశురాం కాళ్లకు రబ్బరు చెప్పులు వేసుకుని హాలు మెయిన్ స్విచ్ పైకి ఎత్తాడు. మిక్సర్ మీద ఎర్ర దీపం వెలిగింది. ఆయన రెండు చేతులూ జోడించాడు. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కో ఛానెల్ తెరిచాను. మొదటిది నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఉంది. రెండోది చచ్చిపోయింది. మూడు, నాలుగు, ఐదులో ఒకటే హోరు. ఆరు, ఏడు, ఎనిమిది మూగ. తొమ్మిదో దాని మీట పైకి జరిపాను.

ఆ హోరు ఏదీ లేదు. పై హాలు ఖాళీ వినిపించింది, పెద్ద గది తలుపులు మూసి ఉంటే ఎలా ఉంటుందో అలా. తర్వాత ఎవరో ఊపిరి తీసుకున్నారు.

"మెట్‌పల్లి నుంచి... గంగాధరి కుటుంబం... అచ్చిన్లు. కూసోండి... జగిత్యాల నుంచి... ముంగటికి రండి... జాగ ఉన్నది..."

గట్టిగా కళ్లు మూసుకున్నాను. గొంతు ఆగలేదు. మధ్యలో దగ్గు, మళ్లీ పేర్లు.

భుజం మీద చెయ్యి పడితే అరిచినంత పని చేశాను. పరుశురాం తొమ్మిదో ఛానెల్ పక్కన ఆకుపచ్చ చుక్కలను చూపిస్తున్నాడు. ఒక్కో మాటకు రెండు, మూడు వెలిగి ఆరుతున్నాయి.

"పైన మైకు మీద ఎవలో మాట్లాడుతున్లు" అన్నాడు.

"పైన ఎవ్వలు లేరు. తాళం రాజనర్సు దగ్గరున్నది."

"లేకుంటె దీపాలెందుకు ఎలుగుతయి?"

అప్పుడే అత్త అన్నం డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, మా ఇద్దరినీ చూసి ఆగిపోయింది. "ఏందే? గట్ల తెల్లవడ్డవ్?"

"లస్మయ్య మామ" అన్నాను.

అత్త డబ్బా నేలమీద పెట్టి, పారిపోదామంటుందని నేను అనుకుంటుండగా, ఆ దీపాల వైపు వంగి చూసింది. "మాట్లాడు" అంది. "ఏం గావాల్నో అడుగు."

మిక్సర్ దగ్గరి నుంచి వేదిక మీదివాళ్లతో మాట్లాడడానికి ఒక చిన్న మైకు ఉంటుంది. బటన్ నొక్కితే పైన, వేదిక మీది స్పీకర్‌లో వస్తుంది. ఆ స్పీకర్ ఉగాది ముందు ఆన్ చేసి వదిలేసిందే. నొక్కాను.

"మామా."

చుక్కలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. పైన ఏదో దబ్బున పడింది. ఆ చప్పుడు హెడ్‌ఫోన్లలోనూ వచ్చింది, పైకప్పులోంచీ వచ్చింది. తర్వాత మైకుకు చాలా దగ్గరగా:

"ఎవలు?"

"నేను మామా. కరుణను."

ఒక్క చుక్క వెలిగింది.

"నువ్వు గూడ పోయినవా బిడ్డా?"

హెడ్‌ఫోన్లు తీసేసి, హాలు వెనకవైపు నుంచి పైకి పోయే ఇనుప మెట్ల దగ్గరికి పరుగెత్తాను. వాళ్లిద్దరూ నా వెనక వచ్చారు. వెనక తలుపుకు బయట తాళం లేదు, లోపల గడియ పడి ఉంది. పరుశురాం కొట్టినా తెరుచుకోలేదు. అత్త మెట్లెక్కి ఆయాసపడుతూ తలుపుకు నోరు ఆనించింది.

"లస్మయ్యా, నేను బుచ్చవ్వను. బువ్వ దెచ్చిన. తలుపు తియ్యి."

గడియ కదిలింది.

ఆసుపత్రి తెల్ల అంగీ, సగం తెల్లబడ్డ గడ్డం. తలుపు తీసి వెంటనే గోడ దాకా వెనక్కి నడిచాడు. ఒక చెయ్యి అడ్డంగా చాచాడు.

"దగ్గరికి రాకుండ్రి. నాకే సమజైతలేదు నేనేందో. జూసినోళ్లందరు తలుపులు మూస్తున్లు. గోడ మీద నా ఫొటోకు దండ ఏసి ఉన్నది. నేను సదివిన. తారీకు గూడ ఉన్నది."

పరుశురాం గుమ్మంలో ఆగిపోయాడు. ఆ రోజుల్లో ఎవరూ ఎవరినీ ముట్టుకునేవారు కాదు. అత్త నేరుగా వెళ్లి ఆయన మణికట్టు పట్టుకుంది. కాసేపు అలాగే పట్టుకుని ఉంది.

"ఎచ్చగున్నవ్" అంది. "కూసో, తిను."

అన్నం తింటూ ముక్కలుగా చెప్పాడు. ఆగస్టు మొదట్లో ఇంటికి పంపారట. ఫోను ఆసుపత్రిలోనే పోయింది. గల్లీకి వస్తే గదికి వేరే తాళం. అరుగు మీది ఇద్దరు ఆడవాళ్లు ఆయన్ను చూసి లోపలికి పరుగెత్తారు. ఆ తర్వాత గోడ మీద ఫొటో చూశాడు. మైకు పట్టేవాడు గనుక వెనక తలుపు తాళంచెవి ఎప్పుడూ ఆయన మొలతాడుకే ఉంటుంది. పైకి వచ్చేశాడు. ఏప్రిల్‌లో సంఘం పంచిన బియ్యం సంచి ఒకటి మిగిలి ఉంది. హాలు పొయ్యిలో గ్యాసు అయిపోయాక, వరద రోజుల్లో, నానబెట్టి తిన్నాడు. మాట మర్చిపోతానేమోనని రోజూ వేదిక మీద కూర్చుని మైకు పట్టుకుని పేర్లు చదివేవాడు.

"కిటికిల నుంచి పిలిచిన. స్వరాజ్యాన్ని పిలిచిన. నిన్ను మూడుసార్లు పిలిచిన బిడ్డా."

అన్నం ముద్ద వైపు చూస్తూ అన్నాడు. పరుశురాం నా వైపు తిరిగాడు.

"నేనే మూసిన మామా కిటికి" అన్నాను.

"వాన గొడుతుండె గద" అన్నాడాయన. ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

ఆ సాయంత్రం ఆయన్ను మా గదికి తెచ్చుకున్నాం. గల్లీ మాతో మాట మానేసింది. కొందరికి దయ్యం భయం, కొందరికి కరోనా భయం, చాలామందికి రెండూ. చీరలకు రాళ్లు అంటించే పని నాకు ఇచ్చే ఆమె మెట్ల కింద నుంచే వద్దని చెయ్యి ఊపింది. పరుశురాం నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఒకనాడు తనే అన్నాడు, "నాకు ఇనవడదని నాకు అబద్ధం చెప్తె, నేనింకెవల్ని అడగాలె?" ఆ రోజు నుంచి ఏ చప్పుడైనా ఆయనకు చెబుతాను. పక్కింటి దగ్గు కూడా.

లస్మయ్య మామ నిద్రపోయేవాడు కాదు. ఆయన్ను తొలుస్తున్నది వేరు.

"నా పేరు మీద ఒకణ్ని కాలవెట్టిన్లు గద. వాడెవడు?" అన్నాడు ఒకరోజు. "నా పక్క మంచం మీద ఒడియా పిల్లగాడుండె. లక్ష్మణ్. సాంచాల మీద పనే. నన్ను గూడ ఆడ లక్ష్మణ్ అనే రాసుకున్నరు. ఒకనాడు పొద్దుగాల చూస్తె మంచం ఖాళీ. ఇంటికి పోయిండనుకున్న. వాని ఇంట్లోల్లు గూడ గట్లనే అనుకుంటున్లేమో, ఎక్కడనో ఉన్నడని."

పరుశురాం సైకిల్ మీద ఆయన్ను ఎక్కించుకుని ఒడియా వాళ్లు తిని పడుకునే మెస్సులన్నీ తిరిగాడు. పాండేసర, ఉధనా, మళ్లీ పాండేసర. పన్నెండో రోజు ఒక గదిలో ఆరుగురు కుర్రాళ్లు మామ చెప్పిన ఆనవాళ్లను బట్టి లక్ష్మణ్‌ను గుర్తుపట్టారు. రెండు నెలలుగా అతని భార్య రోజూ ఫోన్ చేస్తోందట. ఎక్కడో క్వారంటైన్‌లో ఉన్నాడని చెబుతూ వస్తున్నారు. వాళ్ల ఫోనులోంచే మామ ఆమెకు అతని చావు కబురు చెప్పాడు. ఆయనకు ఒడియా రాదు, ఆమెకు హిందీ అంతంత మాత్రం. ఇంటికి వచ్చాక, ఏ మాటల్లో చెప్పావని నేను అడగలేదు.

దసరా దాటాక భివండీలో ఉండే మామ మేనల్లుడు ఆయన్ను రమ్మన్నాడు. వెళ్లే ముందురోజు పగటి పూట మామ నా దగ్గరికి వచ్చాడు.

"ఒక్కసారి మైకు పెడ్తవా బిడ్డా?"

మిక్సర్‌లో అప్పటికి ఐదు ఛానెళ్లే మిగిలాయి. మిగతావాటిని చిలుము తినేసింది. నేను కింది గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని తొమ్మిదో మీట పైకి జరిపాను. పరుశురాం నా పక్కన నిలబడి చుక్కల వైపు చూస్తున్నాడు. అత్త పైనే, ఖాళీ హాల్లో ఒక కుర్చీ వేసుకుని కూర్చుంది.

ముందు ఊపిరి వినిపించింది. తర్వాత ఆ పాత గొంతు, నిండుగా.

"ఒడిశ నుంచి, గంజాం జిల్ల, పొలసర... లక్ష్మణ్ స్వైన్."

పేరు చదివాక ఆ మనిషి లేచి ముందుకు వచ్చేదాకా ఆగడం ఆయన పద్ధతి. ఆగాడు. చుక్కలు ఆరిపోయాయి. పరుశురాం నా ముఖంలోకి చూశాడు, అయిపోయిందా అన్నట్టు.

లేదన్నట్టు తల ఊపాను. మీట దించలేదు.